కావేరి డెల్టా యాత్రకు మకాం ఎక్కడ పెట్టాలి? తిరుచ్చి, తంజావూరు, కుంభకోణాల్లో ఒకటి ఎంచుకోవడం ఎలా

"మూడు రోజుల సెలవు దొరికింది. శ్రీరంగం, తంజావూరు పెద్ద గుడి, కుంభకోణం చూడాలనుకుంటున్నాం. రూము ఏ ఊళ్ళో తీసుకుంటే మంచిది?" సెలవులు దగ్గరపడితే చాలు, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నన్ను అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్ళలో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు విడివిడిగా చెబుతూ వచ్చినదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈ ప్రాంతంలో గుళ్ళు చాలావరకు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకు మూసేసి, మళ్ళీ నాలుగింటికి తెరుస్తారు. రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకు మళ్ళీ మూసేస్తారు. అంటే మీకు రోజులో పనికొచ్చే సమయం రెండు ముక్కలుగా ఉంటుంది: పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా. మధ్యాహ్నం రెండు గంటలు కారులో కూర్చున్నా మీరు పోగొట్టుకునేది ఏమీ ఉండదు. అదే రెండు గంటలు పొద్దున ఏడింటికి కారులో కూర్చుంటే ఒక గుడి పోయినట్టే. కాబట్టి ఊరు ఎంత దూరం అన్నదానికంటే, ఆ దూరం ఏ వేళలో ప్రయాణం చేయాల్సి వస్తుంది అన్నది చూడాలి. మిగతా లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక తెల్ల కాగితం, పెన్ను. ఫోన్‌లో కంటే కాగితం మీద గీస్తే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది.
- గూగుల్ మ్యాప్స్, మీరు నిజంగా బయల్దేరే వేళ పెట్టి చూడటానికి.
- పంచాంగం లేదా తిథులు చూపించే క్యాలెండరు.
- రానూపోనూ టికెట్ల వివరాలు. ఇంకా కొనకపోతే ఇంకా మంచిది. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.
- మీతో వచ్చేవాళ్ళలో ఎవరు ఎంత దూరం నడవగలరు, ఎన్ని మెట్లు ఎక్కగలరు అన్న నిజమైన సమాచారం. "నాకేం పర్లేదు, నేను నడుస్తాలే" అని పెద్దవాళ్ళు అంటారు. మీరు మాత్రం వాళ్ళ మోకాళ్ళను గుర్తుపెట్టుకునే లెక్క వేయండి.

1. తప్పనిసరివి, వీలైతే చూసేవి వేరు చేయండి

ఇంట్లో ప్రతి ఒక్కరినీ "ఏది చూడకపోతే బాధపడతారు?" అని అడగండి. ఆ పేర్లు ఎడమ పక్క, మిగతావన్నీ కుడి పక్క రాయండి. రెండు పూర్తి రోజులకు ఎడమ పక్క ఐదారు పేర్లు దాటకూడదు. దాటితే ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. కుంభకోణం వీధిలో నిలబడి, ఎండలో, ఆకలితో తేల్చుకోవాల్సిన విషయం కాదది.

మదురై, రామేశ్వరం ఈ కాగితం మీదికి రానివ్వకండి. తిరుచ్చి నుంచి మదురై 135 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రామేశ్వరం ఇంకా చాలా దూరం. అవి రెండూ కలిపి మరో యాత్ర. "ఇంత దూరం వచ్చాం కదా, అది కూడా చూసేద్దాం" అనుకున్నవాళ్ళు రోడ్డునే ఎక్కువ చూసి వస్తారు.

2. పేర్లను మూడు గుంపులు చేయండి

పడమటి నుంచి తూర్పుకు ఒక గీత గీయండి. ఎడమ కొసన తిరుచ్చి, అక్కడి నుంచి 55–60 కిలోమీటర్లకు తంజావూరు, ఇంకో 40 కిలోమీటర్లకు కుంభకోణం. కుంభకోణం దాటి తూర్పుగా వెళ్తే మయిలాడుతురై, దాని పైన చిదంబరం. మీ పేర్లన్నీ ఈ గీత మీద ఎక్కడ పడతాయో గుర్తు పెట్టండి.

తిరుచ్చి గుంపు: శ్రీరంగం, దాని పక్కనే జంబుకేశ్వరం ఉన్న తిరువానైకావల్, మలైకోట అనే కొండ మీది ఉచ్చి పిళ్ళయార్ గుడి, కొంచెం అవతల సమయపురం అమ్మవారు. శ్రీరంగం 156 ఎకరాల్లో, ఏడు ప్రాకారాలతో ఉన్న క్షేత్రం. పొద్దున పూట మొత్తం దానికే వదిలేయండి. మధ్యమధ్యలో సేవల కోసం దర్శనం ఆపుతుంటారు, అందుకని "గంటలో అయిపోతుంది" అనే లెక్క అక్కడ పనిచేయదు. జంబుకేశ్వరంలో మధ్యాహ్నం పూజకు అర్చకులు అమ్మవారిలా చీర కట్టుకుని వస్తారు. శ్రీరంగం అయ్యాక నేరుగా అక్కడికి వెళ్తే ఆ పూజ కూడా చూడొచ్చు. మలైకోటకు 400 పైచిలుకు మెట్లు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళుంటే దాన్ని కుడి పక్కకు మార్చేయండి.

తంజావూరు గుంపు: 1010లో పూర్తయిన పెద్ద గుడి (బృహదీశ్వరాలయం), నాయకరాజుల, మరాఠాల కోట, అందులోని కంచు విగ్రహాల ప్రదర్శన, సరస్వతీ మహల్ గ్రంథాలయం, 13 కిలోమీటర్ల దూరంలో తిరువయ్యారు. తెలుగువాళ్ళకు ఈ గుంపు మీద నాకు ఒక ప్రత్యేకమైన పట్టుదల ఉంది. రఘునాథ నాయకుడి కొలువులో తెలుగు కావ్యాలు పుట్టిన ఊరు ఇది. త్యాగరాజస్వామి సమాధి తిరువయ్యారులో కావేరి ఒడ్డున ఉంది. మనవాళ్ళు చాలామంది పెద్ద గుడి దగ్గర ఫోటోలు దిగి, పక్కనే ఉన్న తిరువయ్యారు సంగతే తెలియకుండా వెళ్ళిపోతారు. పొద్దున ఏడింటికి ఆ ఒడ్డుకు వెళ్ళి, వచ్చిన కీర్తన ఒకటి పాడుకుని రండి. దీన్ని ఎడమ పక్కకు చేర్చమని నేను గట్టిగా చెబుతాను.

కుంభకోణం గుంపు: ఊళ్ళోనే ఆది కుంభేశ్వరుడు, సారంగపాణి, చక్రపాణి, రామస్వామి గుళ్ళు, మహామహం కోనేరు. నాలుగు కిలోమీటర్లలో దారాసురం. ఏడెనిమిది కిలోమీటర్ల లోపు తిరునాగేశ్వరం, ఉప్పిలియప్పన్ సన్నిధి, స్వామిమలై. సుమారు 35 కిలోమీటర్లలో గంగైకొండ చోళపురం. తంజావూరు పెద్ద గుడికి 1987లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2004లో దారాసురం, గంగైకొండ చోళపురం కూడా దానితో కలిశాయి. ఈ మూడూ చూడాలనుకునేవాళ్ళు ఒకటి గమనించండి: మూడింటిలో రెండు కుంభకోణం వైపే ఉన్నాయి.

నవగ్రహాల గుళ్ళు కూడా దాదాపు కుంభకోణం చుట్టూనే ఉన్నాయి. దగ్గరవి తిరునాగేశ్వరం, ఆలంగుడి, సూర్యనార్ కోయిల్, కంజనూరు. తింగళూరు తిరువయ్యారు పక్కన. వైదీశ్వరన్ కోయిల్, తిరువెంకాడు, కీళ్‌పెరుంపళ్ళం, తిరునల్లారు మాత్రం తూర్పున, 50–60 కిలోమీటర్ల దూరంలో.

3. దిగేది ఎక్కడ, తిరిగి ఎక్కేది ఎక్కడ

విమానంలో వచ్చేవాళ్ళు దిగేది తిరుచ్చిలోనే. తంజావూరుకు, కుంభకోణానికి ప్రయాణికుల విమానాలు లేవు. రైల్లో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చెన్నైలో మారాలి. తిరుచ్చికి చెన్నై నుంచి రెండు రైలు దారులు ఉన్నాయి. ఒకటి వృద్ధాచలం మీదుగా నేరుగా తిరుచ్చి చేరేది. రెండోది చిదంబరం, మయిలాడుతురై, కుంభకోణం, తంజావూరు మీదుగా తిరుచ్చి చేరే పాత దారి. రాత్రిపూట చెన్నై నుంచి తంజావూరు దాకా నడిచే ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఈ రెండో దారిదే. పగటిపూట చోళన్ ఎక్స్‌ప్రెస్ కూడా ఇటే వస్తుంది.

దీనివల్ల మీకు దొరికే సౌకర్యం ఏమిటంటే, వెళ్ళేటప్పుడు తిరుచ్చిలో దిగి తిరుగు ప్రయాణం కుంభకోణంలో ఎక్కవచ్చు. అప్పుడు యాత్ర మొత్తం ఒకే దిక్కుకు సాగుతుంది, వచ్చిన దారిలో వెనక్కి రావాల్సిన పని ఉండదు. టికెట్లు కొనకముందే ఈ లెక్క వేయమన్నది అందుకే. రానూపోనూ ఒకే స్టేషనుకు కొనేస్తే మకాం ఎక్కడో టికెట్టే తేల్చేస్తుంది.

జాగ్రత్త: హైదరాబాదు, విజయవాడ వైపు నుంచి వచ్చే రైళ్ళు చెన్నై సెంట్రల్‌కో మరో స్టేషనుకో వెళ్తాయి, దక్షిణాదికి వెళ్ళేవి ఎగ్మోర్ లేదా తాంబరం నుంచి బయల్దేరతాయి. సెంట్రల్ నుంచి ఎగ్మోర్ రెండు కిలోమీటర్లే కానీ తాంబరం ఊరికి అవతలి కొస. టికెట్ మీద స్టేషను పేరు రెండుసార్లు చదవండి. రెండు రైళ్ళకు మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి.

4. ఒక్కో ఊరికి పొద్దుటి గంటల లెక్క వేయండి

ఇక్కడే అసలు పని. మూడు ఊళ్ళకూ మూడు గడులు గీసి, ఒక్కో రోజు గుడి తెరిచి ఉన్న వేళల్లో ఎంతసేపు రోడ్డు మీద ఉంటారో మాత్రమే రాయండి. పన్నెండు నుంచి నాలుగు దాకా చేసే ప్రయాణానికి సున్నా వేయండి.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు రాత్రులు, మూడు పగళ్ళు. పొద్దున్నే తిరుచ్చి జంక్షన్‌లో దిగుతారు. చూడాల్సినవి శ్రీరంగం, జంబుకేశ్వరం, పెద్ద గుడి, దారాసురం, గంగైకొండ చోళపురం, తిరువయ్యారు.

మకాం తిరుచ్చి అయితే: మొదటి రోజు శ్రీరంగానికి ఏ నష్టమూ లేదు. మధ్యాహ్నం బయల్దేరి సాయంత్రానికి పెద్ద గుడి చూడొచ్చు, రాత్రి గంటకు పైగా వెనక్కి రావాలి. రెండో రోజుతోనే చిక్కు. దారాసురం 90 కిలోమీటర్లకు పైనే, పొద్దున రెండు గంటలు రోడ్డు మీదే పోతాయి. సాయంత్రం గంగైకొండ చోళపురం చూసి తిరుచ్చి చేరేసరికి పిల్లలు కారులోనే నిద్రపోతారు. మూడో రోజు తిరువయ్యారుకు మళ్ళీ ఉదయమే గంటన్నర దాకా ప్రయాణం. మొత్తం మూడున్నర గంటలు పోయాయి, అలసట వేరే.

మకాం తంజావూరు అయితే: మొదటి రోజు సామాను తిరుచ్చి స్టేషను క్లోక్ రూములో పెట్టి శ్రీరంగం, జంబుకేశ్వరం చూస్తారు. మధ్యాహ్నం తంజావూరుకు ప్రయాణం, దానికి సున్నా. సాయంత్రం పెద్ద గుడి. రెండో రోజు ఆరింటికి బయల్దేరితే ఏడుంబావుకు దారాసురంలో ఉంటారు. పన్నెండు దాకా కుంభకోణం గుళ్ళు, భోజనం, నాలుగింటికి గంగైకొండ చోళపురం. తిరుగు ప్రయాణం మాత్రం 70 కిలోమీటర్లు, రెండు గంటలకు దగ్గర. మూడో రోజు తిరువయ్యారు అరగంట. మొత్తం గంటన్నర, రెండు గంటలు పోతాయి, ఒక రాత్రి మాత్రం అలసిపోతారు.

మకాం కుంభకోణం అయితే: మొదటి రోజు శ్రీరంగం తర్వాత మధ్యాహ్నం బయల్దేరి, నాలుగింటికి దారిలో పెద్ద గుడి చూసుకుని రాత్రికి కుంభకోణం. రెండో రోజు దారాసురం పావుగంట, సాయంత్రం గంగైకొండ చోళపురం నుంచి వెనక్కి గంట. మూడో రోజు తిరువయ్యారుకు గంటకు పైగా. మూడో రోజు తిరువయ్యారు బదులు తిరునాగేశ్వరం, ఉప్పిలియప్పన్ సన్నిధి పెట్టుకుంటే నష్టం దాదాపు సున్నా.

కాబట్టి ఈ ఉదాహరణలో పోటీ తంజావూరుకు, కుంభకోణానికి మధ్యే. తిరువయ్యారు, కోట, సరస్వతీ మహల్ కావాలంటే తంజావూరు. గుళ్ళు ఎక్కువ కావాలంటే కుంభకోణం. తిరుచ్చి గెలిచేది రెండు సందర్భాల్లోనే: శ్రీరంగంలో తెల్లవారుజామున విశ్వరూప దర్శనం మీకు ముఖ్యమైతే, లేదా మీ విమానం మరీ రాత్రికో మరీ తెల్లవారుజామునో అయితే.

నవగ్రహాలే ప్రధానమైతే ఇంత లెక్క అక్కర్లేదు, కుంభకోణమే. తొమ్మిదీ ఒక్క రోజులో చుట్టేయాలని మాత్రం అనుకోకండి. మధ్యాహ్నం మూసివేత మధ్యలో అడ్డం పడుతుంది. హాయిగా రెండు రోజులు పెట్టుకోండి: మొదటి రోజు తింగళూరు, ఆలంగుడి, సూర్యనార్ కోయిల్, కంజనూరు, సాయంత్రం తిరునాగేశ్వరం. రెండో రోజు తెల్లవారుజామునే బయల్దేరి వైదీశ్వరన్ కోయిల్, తిరువెంకాడు, కీళ్‌పెరుంపళ్ళం, నాలుగింటికి తిరునల్లారు. తిరునాగేశ్వరంలో రాహుకాలంలో పాలాభిషేకం చూడాలనుకుంటే ఆదివారం అనుకూలం, ఆరోజు రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా. కారు ఖర్చు వద్దనుకునేవాళ్ళకు తమిళనాడు ప్రభుత్వ రవాణా సంస్థ కుంభకోణం నుంచి ఒకరోజు నవగ్రహ బస్సు వేస్తోంది. ముందే బుక్ చేసుకోవాలి. బస్సు కాబట్టి ఒక్కో గుడిలో సమయం మీ చేతిలో ఉండదు.

తూర్పు వైపువే ఎక్కువైతే, అంటే వైదీశ్వరన్ కోయిల్, తిరునల్లారు, చిదంబరం, పైగా షష్టిపూర్తికి తిరుక్కడయూరు కూడా ఉంటే, మయిలాడుతురై కూడా పరిశీలించండి. మనవాళ్ళు దాన్ని మాయవరం అని కూడా అంటారు. ఆ నాలుగింటికీ అది కుంభకోణం కంటే దగ్గర. హోటళ్ళు మాత్రం తక్కువ.

5. ఒక మకామా, రెండా?

రెండు రాత్రులైతే ఒక్కటే. ఇందులో వాదన వద్దు. రూము మారిన ప్రతిసారీ సర్దుకోవడం, ఖాళీ చేయడం, కొత్తచోట రూము కోసం ఎదురుచూడటం, అన్నీ కలిపి సగం పూట పోతుంది. చంటిపిల్లలుంటే ఇంకా ఎక్కువ.

మూడు రాత్రులు దాటితే రెండు మకాములు బాగుంటాయి: మొదటి రాత్రి శ్రీరంగం, మిగతావి కుంభకోణం లేదా తంజావూరు. మారే రోజు మాత్రం ప్రయాణం మధ్యాహ్నం పడేలా చూసుకోండి. ఈ ఊళ్ళలో కొన్ని లాడ్జీలు 24 గంటల పద్ధతిలో రూము ఇస్తాయి, కొన్ని మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయమంటాయి. బుక్ చేసేటప్పుడే అడగండి. 24 గంటల పద్ధతిలో పొద్దున ఆరింటికి దిగినవాళ్ళు మర్నాడు ఆరింటికే ఖాళీ చేయాలి, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

6. మీ తేదీల్లో ఆ ఊళ్ళో ఏముందో చూడండి

వైకుంఠ ఏకాదశి రోజుల్లో శ్రీరంగంలో రూము దొరకదు, దొరికినా దర్శనానికి గంటలు పడుతుంది. పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన. అప్పుడు తంజావూరులో మకాం ఉంటే అదృష్టమే కానీ చాలా ముందే బుక్ చేయాలి. గురువు రాశి మారేటప్పుడు ఆలంగుడిలో, శని మారేటప్పుడు తిరునల్లారులో జనం కిక్కిరిసిపోతారు. పెళ్ళి ముహూర్తాలున్న రోజుల్లో కుంభకోణంలో మంచి రూములన్నీ పెళ్ళివారివే. పొంగల్ నాలుగు రోజులూ రైళ్ళు, బస్సులు నిండిపోతాయి. కుంభకోణంలో పన్నెండేళ్ళకోసారి జరిగే మహామహం గతసారి 2016లో జరిగింది, మళ్ళీ 2028లో. ఆ ఏడాది తమిళ మాసి నెలలో (ఫిబ్రవరి–మార్చి) వెళ్ళేవాళ్ళు మకాం తంజావూరుకు మార్చుకోవడం మంచిది.

వాతావరణం సంగతి: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు. తుఫాను హెచ్చరిక ఉంటే తూర్పు వైపు గుళ్ళు వదిలేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గుడి ప్రాంగణంలో రాతి నేల మీద కాలు పెట్టలేరు. ఆ నెలల్లో గుడికి దగ్గర్లో రూము ఉండి, మధ్యాహ్నం వచ్చి పడుకునే వీలుండటం మిగతా అన్నిటికంటే ముఖ్యం.

7. ఊరు తేలాక, ఊళ్ళో ఎక్కడ?

తంజావూరులో పాత బస్టాండు, రైల్వే స్టేషను, పెద్ద గుడి ఒకదానికొకటి దగ్గర. కొత్త బస్టాండు ఊరికి దూరం. "బస్టాండు దగ్గర" అని హోటలువాళ్ళు అంటే ఏ బస్టాండో అడగండి. కుంభకోణంలో మహామహం కోనేరు, ఆది కుంభేశ్వరుని గుడి పరిసరాల్లో ఉంటే ఊళ్ళో గుళ్ళన్నీ నడిచి చూడొచ్చు, మంచి డిగ్రీ కాఫీ కూడా నడక దూరంలోనే దొరుకుతుంది. తిరుచ్చిలో జంక్షన్ దగ్గర ఉంటే రైలుకు సులువు, శ్రీరంగం మాత్రం ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు. తెల్లవారుజాము దర్శనమే ఉద్దేశమైతే శ్రీరంగం ద్వీపంలోనే ఉండండి. తిరుచ్చిలో ఊరి బయట పంజప్పూర్ దగ్గర కొత్త బస్టాండు వచ్చింది. పాత వివరాలు నమ్ముకుని సెంట్రల్ బస్టాండుకు వెళ్ళకుండా మీ బస్సు ఎక్కడ ఎక్కాలో అడిగి తెలుసుకోండి.

8. బండి మాట్లాడుకోవడం

కారు మాట్లాడేటప్పుడు మూడు అడగండి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు కలిపి ఇస్తున్నారు, దాటితే కిలోమీటరుకు ఎంత, డ్రైవరు బత్తా ఎంత. తిరునల్లారు పుదుచ్చేరి కిందికి వచ్చే కారైకాల్‌లో ఉంది. అక్కడికి వెళ్తే పర్మిట్ ఖర్చు ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి. డ్రైవరు తంజావూరువాడై మీరు కుంభకోణంలో ఉంటే, అతను రోజూ ఖాళీగా వచ్చి వెళ్ళే దూరం కూడా మీ బిల్లులో పడుతుంది. మకాం ఉన్న ఊరి బండే చూసుకోండి.

బస్సుల్లో తిరిగేవాళ్ళకు తిరుచ్చి, తంజావూరు, కుంభకోణం మధ్య పగలంతా బస్సులు దొరుకుతాయి. బోర్డులు చాలావరకు తమిళంలోనే ఉంటాయి. వెళ్ళాల్సిన ఊరి పేరు తమిళ అక్షరాల్లో ఫోన్‌లో పెట్టుకుని కండక్టరుకు చూపిస్తే పని అయిపోతుంది. గంగైకొండ చోళపురానికి మాత్రం సాయంత్రం తిరుగు బస్సు సంగతి పొద్దునే అడిగి ఉంచుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రూము అద్దె చూసి ఊరు ఎంచుకోవడం మొదటిది. ఐదువందలు తక్కువని తిరుచ్చిలో దిగి, కుంభకోణానికి కారులో తిరిగితే ఆ మిగులు డీజిలుకే చాలదు. రూము అద్దెకు కారు ఖర్చు కలిపి పోల్చండి.

పెద్ద ఊరైతే అన్నీ దొరుకుతాయి అనుకోవడం రెండోది. మీకు అక్కడ కావాల్సింది శుభ్రమైన రూము, వేడినీళ్ళు, ఇడ్లీ, మందుల షాపు. ఇవి మూడు ఊళ్ళలోనూ ఉన్నాయి. గుండె జబ్బులాంటివి ఉన్న పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం పెద్ద ఆసుపత్రులున్న తిరుచ్చి లేదా తంజావూరు వైపు మొగ్గండి. అక్కడ ఒక గుడి తగ్గినా ఫర్వాలేదు.

మ్యాప్‌లో దూరం రాత్రిపూట చూసి, ట్రాఫిక్ లేని సమయాన్ని నమ్మడం ఇంకొకటి. కుంభకోణం వీధులు ఇరుకు. పొద్దున తొమ్మిదికి ఊరు దాటడానికే సమయం పడుతుంది.

మధ్యాహ్నం గుళ్ళు మూసి ఉండే ఆ నాలుగు గంటల కోసం ముందే ఏమీ అనుకోకపోవడం కూడా పొరపాటే. ప్రయాణం లేని రోజున తంజావూరు కోటలో కంచు విగ్రహాలు చూడండి, స్వామిమలైలో విగ్రహాలు పోతపోసే స్థపతుల పని చూడండి, తిరుభువనంలో పట్టు మగ్గాలు చూడండి. తిరుచ్చి నుంచి తంజావూరు వెళ్ళే రోజున కరికాల చోళుడి పేరుతో చెప్పే కల్లణై ఆనకట్ట మీదుగా వెళ్ళండి. ఇవేవీ వద్దు, నిద్ర కావాలంటే అది కూడా మంచిదే. రాత్రి ఎనిమిది దాకా తిరగాలి కదా.

మీ ఎంపిక సరైనదో కాదో చూసుకోవడం

బుక్ చేసేముందు ఈ నాలుగూ సరిచూడండి.

- ఏ రోజైనా పొద్దున గంటన్నర కంటే ఎక్కువ రోడ్డు మీద ఉంటున్నారా? ఒక రోజు వరకు సరే. రెండు రోజులు అలా వస్తే మకాం తప్పు.
- రాత్రి తొమ్మిది దాటాక రూము చేరే రోజులు ఒకటి మించుతున్నాయా? మించితే సాయంత్రం గుడి ఒకటి తీసేయండి, లేదా ఊరు మార్చండి.
- మ్యాప్‌లో బయల్దేరే వేళ పొద్దున ఆరుంబావు, సాయంత్రం ఆరున్నర పెట్టి చూడండి. ఆ సమయానికి మరో ఇరవై నిమిషాలు కలపండి, చెప్పులు, పార్కింగు, పూలు వీటికి.
- ఒక గుడి మూసి ఉంటే ఆ పూట ఇంకేం చేస్తారు? పక్కనే అరగంటలో ఇంకొకటి ఉంటే మకాం సరైనది. కుంభకోణానికి ఈ విషయంలో సాటి లేదు.

ఇదే లెక్క వేరేచోట

విశాఖ, శ్రీకాకుళం వైపువాళ్ళు ఎక్కువగా అడిగేది పూరీయా, భువనేశ్వరా అని. అక్కడ కూడా పొద్దున ఎక్కడ ఉండాలో చూడండి. జగన్నాథుడి ఉదయ దర్శనం, సముద్రం, కోణార్క్ కావాలంటే పూరీ. కోణార్క్ అక్కడి నుంచి 35 కిలోమీటర్లే. లింగరాజ ఆలయం, ఉదయగిరి గుహలు, ధౌళి ముఖ్యమైతే భువనేశ్వర్. రెండింటికీ మధ్య 60 కిలోమీటర్లు కాబట్టి, తెల్లవారుజామున విమానం ఉన్నవాళ్ళు చివరి రాత్రి భువనేశ్వర్‌కు మారిపోవాలి.

హంపీకి వెళ్ళేవాళ్ళు రైలు దిగే హోసపేటలోనే ఉండిపోతారు. అక్కడ ఎండే మధ్యాహ్నం మూసివేత లాంటిది. ఉదయం, సాయంత్రం రాళ్ళ మధ్య తిరగాలంటే కమలాపురంలో మకాం మంచిది. రాత్రి భోజనానికి ఎక్కువ హోటళ్ళు కావాలంటే, బస్సుల్లో తిరిగేవాళ్ళైతే, హోసపేట.

బుక్ చేసేటప్పుడు

రద్దు చేసుకునే వీలున్న రూమే తీసుకోండి, ఆ గడువు తేదీ క్యాలెండరులో రాసిపెట్టుకోండి. తర్వాత హోటలుకు ఒకసారి ఫోన్ చేసి ఇవి అడగండి: పొద్దున ఐదింటికి వేడినీళ్ళు వస్తాయా, లిఫ్ట్ ఉందా, కారు పెట్టడానికి చోటు ఉందా, డ్రైవరు పడుకోవడానికి ఏర్పాటు ఉందా, ఉదయం ఆరింటికల్లా దిగితే రూము ఇస్తారా. తిరుచ్చిలో సామాను క్లోక్ రూములో పెట్టేవాళ్ళు బ్యాగులకు తాళాలు, చేతిలో రైలు టికెట్ ఉంచుకోవాలి. తాళం లేని బ్యాగు తీసుకోరు.